పొత్తిగుడ్డలు అల్లే చేతులు



ఈ వారం ధ్యానంలో వాక్యంతో పాటు కొంత చరిత్ర కూడా చెప్పుకుందాము. ఇది రాజుల చరిత్ర కాదు, యుద్ధాల చరిత్ర కాదు. వేలెడంత కొక్కెం సూది చరిత్ర. మన గోదావరి డెల్టా పల్లెల్లో ఆ సూది తెలియని క్రైస్తవ కుటుంబం అరుదు. అమ్మమ్మల కాలంలో దానితో సన్నని తెల్లదారం లేసులు అల్లారు. ఇప్పుడు మన సంఘంలో కొందరు అక్కచెల్లెళ్లు అదే సూదితో పసిబిడ్డలకు రంగురంగుల చారల దుప్పట్లు అల్లుతున్నారు. ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే, ఆ బిడ్డను ప్రతిష్ఠకు మందిరానికి తెచ్చేటప్పుడు అలాంటి దుప్పట్లోనే చుట్టి తెస్తున్నారు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

ఆ అల్లిక గురించి మేము ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: “ఏముంది అయ్యగారూ, తీరిక వేళల్లో చేసుకునే పనే కదా.” అల్లేవారు అదే అంటారు, వారి భర్తలు అదే అంటారు, కొనేవారూ అదే అంటారు. ఆ “తీరిక” అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది నిజమేనా? దేవుని వాక్యం ఆ పనిని ఏమని పిలుస్తోంది? ఈ మూడు ప్రశ్నలే ఈ వారం మన ధ్యానం.

యంత్రానికి లొంగని పని

బట్టకు సంబంధించిన పనులు దాదాపు అన్నీ యంత్రాలకు వెళ్లిపోయాయి. వడకడం పోయింది, నేయడం చాలావరకు పోయింది, కుట్టడానికి మిషన్లు వచ్చాయి. రెండు పొడవాటి సూదులతో స్వెట్టర్లు అల్లే నిట్టింగు పనికైతే 1589లోనే ఇంగ్లండులో యంత్రం వచ్చింది. దాన్ని కనిపెట్టిన విలియం లీ నాటింగ్‌హామ్ దగ్గర ఒక పల్లె సంఘంలో పాదిరి అని చెబుతారు. ఆ యంత్రానికి హక్కుపత్రం ఇమ్మని అడిగితే, మేజోళ్లు అల్లుకుని బతికే పేదల నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి ఒప్పుకోలేదని కూడా చెబుతారు. రాణి ఒప్పుకోకపోయినా తరువాతి కాలంలో ఆ యంత్రం నిలిచింది. నేడు బజారులో దొరికే స్వెట్టర్లలో ఎక్కువ భాగం యంత్రం మీద తయారైనవే.

క్రోషే సంగతి వేరు. నిట్టింగులో ఒక వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద నిలబడి ఉంటాయి. యంత్రానికి అది అనుకూలం. క్రోషేలో ఒక్క కొక్కెం మీద ఒక్క ఉచ్చు. దారం చుట్టి, కింది వరుసలో సరైన కన్ను వెతికి, కొక్కెం దూర్చి, లాగి, ఆ తరువాతే మరొకటి. ప్రతి అల్లికకూ కన్ను చూడాలి, వేలు తడమాలి, బిగువు సరిచూసుకోవాలి. ఈ పనిని చేతిలా చేసే యంత్రం ఈనాటికీ వ్యాపారంలోకి రాలేదు. “క్రోషే లేసు” పేరుతో గజాల లెక్కన అమ్మే యంత్రపు లేసులు ఉన్నాయి. అవి చూపుకు అలా కనిపించే వేరే రకం అల్లికలు.

అంటే దీని అర్థం గమనించండి. ఏ దేశంలోనైనా, ఏ పెద్ద దుకాణంలోనైనా, ఎంత తక్కువ ధరకైనా ఒక క్రోషే దుప్పటి వేలాడుతోందంటే, ఎక్కడో ఒక మనిషి కూర్చుని దాన్ని మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా అల్లి ఉండాలి. చాలాసార్లు ఆ మనిషి ఒక స్త్రీ. ఆమె పేరు దాని మీద ఉండదు.

ఒక దుప్పటిలో ఎన్ని ముడులు

మగవారికి, పిల్లలకు తెలియడానికి ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాము. అల్లేవారు మమ్మల్ని క్షమించి, తప్పుంటే సరిదిద్దండి.

ముందుగా దుప్పటి వెడల్పుకు సరిపడా గొలుసు వేస్తారు. దాని మీద వరుసలు కడతారు. అన్నీ ఒకే రకం పొట్టి అల్లికలైతే దుప్పటి చదునుగా వస్తుంది. ఒక పొట్టి అల్లిక, ఒక పొడుగు అల్లిక, మళ్లీ ఒక పొట్టి, ఒక పొడుగు అని వరుసంతా వేసి, పై వరుసలో పొట్టిదాని మీద పొడుగు, పొడుగుదాని మీద పొట్టి పడేలా మార్చితే, బట్ట మీద చిన్న చిన్న బుడిపెలు తేలుతాయి. అరచేయి ఆనిస్తే మెత్తగా, దళసరిగా తగులుతుంది. పెద్ద పెద్ద కన్నాలుండవు కాబట్టి పసిబిడ్డ వేళ్లు అందులో చిక్కుకోవు. కొన్ని వరుసలకొకసారి ఊలు రంగు మారిస్తే చారలు వస్తాయి. రంగు మార్చిన ప్రతిచోటా మిగిలిన కొస కనబడకుండా లోపలికి దూర్చాలి. చివర చుట్టూ అంచు కట్టాలి.

ఇక లెక్క చూద్దాము. వెడల్పుకు 100 అల్లికలు, పొడవుకు 120 వరుసలు ఉన్న దుప్పటి అనుకోండి. 100 గుణించు 120, అంటే 12,000 అల్లికలు. చేయి తిరిగిన అమ్మ నిమిషానికి 20 అల్లికలు ఆగకుండా వేసిందనుకున్నా 600 నిమిషాలు, అంటే 10 గంటలు. కొసలు దాచడం, అంచు కట్టడం, ఊలు ఉండ చుట్టడం, తప్పు పడితే విప్పి మళ్లీ అల్లడం ఇందులో చేర్చలేదు. ఈ పనికి కూలిగా 200 రూపాయలు చేతిలో పెట్టారనుకుందాము. గంటకు 20 రూపాయలు కూడా పడదు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. చెరువు మట్టి తవ్వినందుకు ప్రభుత్వం ఒక లెక్క కట్టింది. బిడ్డ దుప్పటి అల్లినందుకు ఏ లెక్కా ఎవరూ కట్టలేదు. ఎందుకంటే అది “తీరిక పని”.

కరువులో పుట్టిన కూలి

ఈ అల్లిక పేదల చేతికి ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఐర్లాండు వెళ్లాలి. 1845లో అక్కడ బంగాళాదుంప పైరుకు తెగులు పట్టింది. పేదలకు అదే తిండి. కొన్నేళ్లపాటు వరుసగా పంట కుళ్లిపోయింది. దాదాపు 10 లక్షల మంది ఆకలికీ జబ్బులకీ చనిపోయారు. దాదాపు మరో 10 లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు.

ఆ రోజుల్లో కార్క్ పట్టణం దగ్గర కన్యాస్త్రీలు పేద పిల్లలకు క్రోషే నేర్పారు. ఉత్తరాన మొనహన్ జిల్లాలో క్లోనెస్ అనే చిన్న ఊరికి 1847లో థామస్ హ్యాండ్ అనే పాదిరి వచ్చాడు. ఆయన భార్య కసాండ్రా హ్యాండ్ ఊరి స్త్రీల ఆకలి చూసింది. గంజి పోయడంతో ఆగక, క్రోషే నేర్పేవారిని పిలిపించి ఆ పల్లెల్లో అల్లిక మొదలుపెట్టించింది. ఒక్కో కుటుంబం ఒక్కో పువ్వు, ఒక్కో ఆకు అల్లడంలో నేర్పరి అయింది. ముక్కలన్నీ ఒకచోట చేర్చి అతికితే ఖరీదైన లేసు తయారయ్యేది. ఆ డబ్బుతో జనం అద్దెలు కట్టుకున్నారు, పిల్లలకు తిండి పెట్టుకున్నారు, కొందరు ఓడ ప్రయాణానికి కూడబెట్టుకున్నారు. అల్లిక రాబడితో ఆ ఊళ్లో బడి కూడా లేచింది. ఆ కట్టడం ఇప్పటికీ ఆ పాదిరిగారి అమ్మగారి పేరుతోనే ఉంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. క్లోనెస్‌లో క్రోషే మొదలైంది కాలక్షేపానికి కాదు. అది కూలి. ఆకలికి ఎదురు నిలిచిన కూలి.

గోదావరి ఒడ్డున

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాము. ఐర్లాండు కరువుకు కొంచెం ముందే మన డెల్టా కూడా కరువులతో ఎండిపోయింది. గోదావరి నిండుగా పారుతున్నా ఆ నీరు పొలాలకు ఎక్కే దారి లేదు. 1821లో రాజమహేంద్రవరం జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. అంతవరకు ఈ నేల మీద పేదవాడికి మిగిలింది వలస, అప్పు, ఆకలి.

ఆ చీకటి రోజుల్లోనే, 1836లో, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి రెండు కుటుంబాలు మన తీరానికి వచ్చాయి. విలియం బౌడెన్ దంపతులు, జార్జి బీర్ దంపతులు. బౌడెన్ రాళ్లు చెక్కే పనివాడు, బీర్ చెప్పులు కుట్టే పనివాడు. ఇద్దరూ చేతిపనితో బతికినవారే. నరసాపురం, పాలకొల్లు కేంద్రంగా వారు మొదలుపెట్టిన సేవే గోదావరి డెల్టా మిషనుగా పెరిగింది. మన ప్రాంతంలో ఎన్నో సంఘాలు దాని కొమ్మలే.

లేసు అల్లిక మొదలైన తీరు గురించి నరసాపురంలో పెద్దలు చెప్పే మాట ఇది: 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు ఇక్కడి స్త్రీలకు దీన్ని నేర్పారు. మొదట నేర్చుకున్నది పేద స్త్రీలు, కొత్తగా సంఘంలో చేరిన కుటుంబాల స్త్రీలు. దొరసానులు దారం ఇచ్చేవారు, అల్లిన లేసు తీసుకునేవారు, కూలి ఇచ్చేవారు. ఆ లేసు విదేశాల్లోని విశ్వాసులకు, స్నేహితులకు చేరేది. వచ్చిన డబ్బు మళ్లీ పనికి తిరిగి వచ్చేది.

ఆ దొరసానులకు మన భాష పూర్తిగా రాదు. మన స్త్రీలకు వారి భాష అసలు రాదు. సూది చూపించి, వేలు పట్టుకుని నేర్పి ఉంటారు. ఆ చిన్న పాఠమే తరతరాలకు అన్నం పెట్టింది. అందుకు మనం దేవునికి కృతజ్ఞులమై ఉండాలి. 1899 నాటి కరువునూ, 1929 తరువాత ప్రపంచమంతా వచ్చిన ఆర్థిక మాంద్యాన్నీ తట్టుకుని ఈ పని నిలిచిందని లేసు చరిత్ర చెప్పేవారు అంటారు.

కూలి తీరికగా మారిన వేళ

కాలం గడిచేకొద్దీ లేసు వ్యాపారంగా పెరిగింది. ఎగుమతి కంపెనీలు వచ్చాయి. వాటికీ అల్లేవారికీ మధ్య ఏజెంట్లు వచ్చారు. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, తూకం వేసి ఇస్తాడు, లేసు అయ్యాక తూకం వేసి తీసుకుంటాడు. ఒక ఇంట్లో పువ్వులు, ఒక ఇంట్లో అంచులు, మరో ఇంట్లో వాటిని కలిపే అతుకుపని. తన చేతి పువ్వు చివరికి ఏ టేబులు గుడ్డ మీదికి వెళ్లిందో, ఎంతకు అమ్ముడైందో అల్లిన అమ్మకు తెలియదు.

పేద క్రైస్తవ కుటుంబాలతో మొదలైన పని తరువాత ఇతర కులాల ఇళ్లలోకి, ముఖ్యంగా కాపు కుటుంబాల్లోకి పాకింది. గడప దాటకుండా చేసుకోవచ్చు, పొలం కూలికి వెళ్లినట్టు నలుగురి కంటా పడనక్కరలేదు అన్నది పెద్ద ఆకర్షణ. గోషా పాటించడం గౌరవం అనుకున్న రోజులవి. ఆ గౌరవానికి వారు చెల్లించిన వెల చిన్నది కాదు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి, అల్లేవారి ఇళ్లలో కూర్చుని వారి రోజంతా గమనించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ పరిశీలన 1982లో “ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్” అనే పుస్తకంగా వచ్చింది. ఆమె చూపించింది ఏమిటి? వంట, నీళ్లు, పిల్లలు, పశువులు అన్నీ చూసుకుంటూనే ఈ స్త్రీలు రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లుతున్నారు. దానికి వారికి దక్కేది రోజుకు ఒక్క రూపాయి కూడా కాదు, అర్ధరూపాయి దాటి కొన్ని పైసలు. అదే ఊళ్లో పొలం కూలికి వెళ్లే దళిత స్త్రీకి అంతకన్నా ఎక్కువ కూలి దక్కేది. కూలి చాలనప్పుడు నలుగురు కలిసి అడిగే ధైర్యమూ ఆమెకు ఉండేది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని అల్లే స్త్రీకి తన పక్కింటామెకు ఎంత ఇస్తున్నారో కూడా తెలియదు.

ఇంకో మాట కూడా ఆమె రాశారు. లేసు ద్వారా దేశానికి విదేశీ డబ్బు వస్తోంది, వ్యాపారులు మేడలు కట్టారు, కానీ జనాభా లెక్కల్లో ఈ స్త్రీలలో చాలామంది పనివారిగా కనబడరు. వారంతా “గృహిణులు”. వారు చేసేది “తీరిక వేళల పని”. భర్తలకు అదే మాట అనువు, వ్యాపారులకు అదే మాట లాభం. పనిని పని అంటే కూలి అడుగుతారు. తీరిక అంటే ఎంత ఇచ్చినా దయ ఇచ్చినట్టే.

మనం మొదట అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. “తీరిక” అనే మాట అల్లేవారి అలసటలోంచి పుట్టలేదు. కరువులో కూలిగా మొదలైన పనికి తరువాత వచ్చినవారు పెట్టిన పేరు అది. చివరికి అల్లేవారు కూడా దాన్ని తమ మాటగా చెప్పుకోవడం నేర్చుకున్నారు.

ఆ తరువాత మంచి మార్పులు రాలేదని కాదు. డ్వాక్రా సంఘాలు వచ్చాయి. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు జీఐ గుర్తింపు దక్కింది. ఆ పేరును ఇక వేరే చోటివారు వాడుకోకూడదు. ఇది సంతోషించదగ్గ సంగతే. అయితే జీఐ కాపాడేది పేరును. అల్లిన చేతికి ఎంత పడాలో అది నిర్ణయించదు. ఆ పని మనుషులు చేయాలి.

వాక్యం ఏమంటోంది

బైబిలులో అల్లే, కుట్టే, వడికే స్త్రీలు ఎక్కడెక్కడ కనిపిస్తారో చూడండి.

నిర్గమకాండము 35వ అధ్యాయంలో ప్రత్యక్షపు గుడారం పని మొదలైంది. బెసలేలు, అహోలీయాబు అనే పెద్ద పనివారి గురించి మనం ప్రసంగాల్లో వింటాము. అదే అధ్యాయంలో, 25, 26 వచనాల్లో, తమ చేతులతో వడికిన స్త్రీల సంగతి ఉంది. నీల, ధూమ్ర, రక్తవర్ణముల నూలు వడికి తెచ్చినది వారే. మేక వెంట్రుకలు వడికినది వారే. వారికున్నది కాలక్షేపం అని పరిశుద్ధాత్మ రాయించలేదు. అది జ్ఞానం అని రాయించాడు. దేవుని మందిరపు తెరలో ఆ స్త్రీల వేళ్ల పని ఉంది.

మొదటి సమూయేలు 2వ అధ్యాయంలో హన్నా ప్రతి సంవత్సరం తన కుమారునికి చిన్న అంగీ కుట్టి షిలోహుకు తీసుకువెళ్లేది. బిడ్డ ఏడాదికొకసారే కనబడతాడు. ఎంత పొడుగు ఎదిగి ఉంటాడో ఇంటి దగ్గరే ఊహించుకుని కుట్టాలి. ప్రతి కుట్టులోనూ ప్రార్థన ఉండి ఉంటుంది. ఇది ప్రేమతో ఇచ్చిన కానుక.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే పట్టణపు దొర్కా చనిపోయినప్పుడు, విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు పేతురుకు చూపించారు. పేతురు దగ్గర ఆమె గురించి మాట్లాడింది ఆ బట్టలే. ఇదీ ప్రేమతో ఇచ్చిన కానుకే.

ఇప్పుడు సామెతలు 31వ అధ్యాయం తీయండి. ఆ గుణవతి కూడా ఊలు, అవిసెనార తెచ్చి చేతులారా పని చేస్తుంది. రాత్రి దీపం ఆర్పదు. కానీ ఆమె నారబట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. తన సరకు లాభకరమని ఆమెకు తెలుసు. అంటే లెక్క చూసుకుంటుంది. పొలం చూసి కొంటుంది. ఆ అధ్యాయం ముగింపులో దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఏమిటంటే, ఆమె చేతుల పనికి ఫలం ఆమెకే ఇవ్వాలి. ఆమె ఏజెంటుకు కాదు, ఆమె భర్త జేబుకు కాదు. ఆమెకు.

ఇక కూలి బిగబట్టేవారి సంగతి. లేవీయకాండము 19వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం పనివాని కూలి రాత్రి దాటనివ్వవద్దని ఆజ్ఞాపిస్తున్నాయి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనమైతే మరీ భయంకరం. బిగబట్టిన కూలికి నోరు వస్తుందట, అది మొరపెడుతుందట, ఆ మొర సైన్యములకు అధిపతియైన ప్రభువు చెవిలో పడుతుందట. కోతవాని కూలికి నోరుంటే, అల్లేవారి కూలికి ఉండదా?

సేవ ఎవరిది, కూలి ఎవరిది

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. “దొర్కా డబ్బు తీసుకోలేదు కదా అయ్యగారూ? మరి మన అక్కచెల్లెళ్లు సంఘం కోసం, బిడ్డల కోసం ఉచితంగా అల్లితే తప్పేముంది?”

తప్పు లేదు. అది ఎంతో గొప్ప పని. కానీ ఒక తేడా మనసులో పెట్టుకోండి. దొర్కా ఇచ్చింది. ఆమె దగ్గర ఎవరూ లాక్కోలేదు. రెండవ కొరింథీయులకు 9వ అధ్యాయంలో పౌలు కానుక గురించి చెప్పిన నియమం ఇదే: ఎవరికి వారు తమ హృదయంలో నిశ్చయించుకుని ఇవ్వాలి, సణుగుకొంటూ ఇవ్వకూడదు, బలవంతం మీద ఇవ్వకూడదు. తన 10 గంటలను సేవగా ఇచ్చే హక్కు అల్లిన అమ్మ ఒక్కదానిదే. కొనేవాడు దాన్ని సేవ అని పిలిచి ధర తగ్గించకూడదు. భర్త దాన్ని తీరిక అని పిలిచి లెక్కలోంచి తీసేయకూడదు. సంఘం కూడా ఆమెను అడగకుండా ఆమె తరఫున సేవ ప్రకటించకూడదు. హన్నా అంగీ కానుక, గుణవతి నారబట్ట సరకు. రెండూ దేవునికి ఇష్టమైనవే. ఏది కానుకో ఏది సరకో చెప్పవలసింది మాత్రం పని చేసిన మనిషే.

యాకోబు తన మామ లాబాను దగ్గర పని చేసిన కథ మీకు తెలుసు. లాబాను అతని జీతం పదిసార్లు మార్చాడు. చివరికి యాకోబు నోరు తెరిచినప్పుడు అతని దగ్గర లెక్క ఉంది. ఇద్దరు భార్యల కోసం 14 ఏళ్లు, మంద కోసం 6 ఏళ్లు, మొత్తం 20 ఏళ్లు. పగలు ఎండకు, రాత్రి మంచుకు ఎంత పడ్డాడో చెప్పాడు. లెక్క చెప్పినందుకు దేవుడు అతన్ని గద్దించలేదు. దేవుడు తన బాధనూ చేతుల కష్టాన్నీ చూశాడని యాకోబే సాక్ష్యం చెప్పాడు.

కాబట్టి అల్లే అక్కచెల్లెళ్లకు మా మనవి. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. దుప్పటి మొదలుపెట్టిన రోజు, రోజూ అల్లిన గంటలు, ఊలుకు పెట్టిన ఖర్చు రాసుకోండి. ఊలు ధర వేరు, కూలి వేరు అని విడిగా చెప్పండి. పక్కింటామెతో ధర మాట్లాడుకోవడానికి సిగ్గుపడవద్దు. స్త్రీల సమాజం కూడికలో అందరూ కలిసి ఒక న్యాయమైన ధర అనుకుంటే ఇంకా మంచిది. ఒకరికొకరు పోటీపడి ధర తగ్గించుకుంటే లాభం బయటివాడికే.

సహోదరులకు ఒక మాట. మీ ఇంట్లో రాత్రి పది గంటలకు దీపం కింద కదిలే ఆ చేతిని చూసి, అది కాలక్షేపం అనవద్దు. ఆ 10 గంటలు దొరకాలంటే ఎవరో ఒకరు నీళ్లు మోయాలి, బిడ్డను ఎత్తుకోవాలి. ఆ ఎవరో మీరు కావచ్చు. ఆ దుప్పటి డబ్బు వచ్చినప్పుడు అది ఆమె చేతి ఫలం అని గుర్తుంచుకోండి.

కొనేవారికి ఒక మాట. పట్నంలో, విదేశాల్లో ఉన్న మన బిడ్డలు కూడా ఇది చదువుతున్నారు. బిడ్డకు దుప్పటి కొనేటప్పుడు బేరం ఆడేముందు 12,000 అల్లికలు గుర్తు చేసుకోండి. సంఘం తరఫున ప్రతిష్ఠ దినాన బిడ్డకు దుప్పటి ఇవ్వాలనుకుంటే, సంఘం నిధిలోంచి అల్లినవారికి తగిన కూలి చెల్లించి కొందాము. ఎవరైనా కానుకగా అల్లి ఇస్తామంటే, కానుకగానే స్వీకరించి, వారి పేరున ప్రార్థన చేద్దాము.

పశువుల తొట్టిలో పొత్తిగుడ్డలు

లూకా 2వ అధ్యాయంలో మరియ తన తొలిచూలు కుమారుని పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పడుకోబెట్టింది. తరువాత ఆ పొత్తిగుడ్డలే కాపరులకు ఆనవాలు అయ్యాయి. దేవదూత చెప్పిన గుర్తు కిరీటం కాదు, సింహాసనం కాదు. గుడ్డలో చుట్టిన శిశువు. ఆ గుడ్డను కూడా ఎవరో ఒకరు వడికారు, ఎవరో ఒకరు నేశారు. వారి పేరు సువార్తలో లేదు. అయినా లోకరక్షకుని ఒంటికి మొదట వెచ్చదనం ఇచ్చిన బట్ట వారి చేతి పనే. పేరు రాయని ఆ చేతులను తండ్రి ఎరుగును.

మనుషులు తీరిక అని పిలిచినదాన్ని దేవుడు పని అని పిలుస్తాడు. మనుషులు మరచిపోయిన కూలి ఆయన చెవిలో వినబడుతూనే ఉంటుంది. ఈ వారం మీలో ఎవరైనా సూది పట్టుకుని కూర్చున్నప్పుడు ఈ సత్యం మీ హృదయానికి ధైర్యం ఇవ్వాలని మా ప్రార్థన.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, కరువు దినములలో ఈ నేల స్త్రీల చేతికి ఒక సూదినిచ్చి వారి పిల్లలను బ్రతికించినందుకు నీకు స్తోత్రములు. అల్లి అల్లి కండ్లు మసకబారిన తల్లులను జ్ఞాపకము చేసుకొనుము. వారి కష్టమునకు న్యాయమైన వెల ఇచ్చే మనసు మాకు దయచేయుము. ఇచ్చేవారికి సంతోషమును, అడిగేవారికి ధైర్యమును, కొనేవారికి న్యాయమును నేర్పుము. ఆ దుప్పట్లలో నిద్రించే ప్రతి పసిబిడ్డను నీ రెక్కల నీడలో కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.